పొర దాటిందా, లేదా? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి అడుగును జన్యువులు ఎంతవరకు చెప్పగలవు

"సీఐఎన్ 3 కనబడింది. లోపలికి చొరబడిందా లేదా అన్నది ఈ ముక్కను బట్టి చెప్పలేం."

కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు ఆడవాళ్ళ ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టుల్లో ఇలాంటి వాక్యం మేము తరచూ రాస్తుంటాం. సీఐఎన్ 3 అంటే గర్భాశయ ముఖద్వారం పైపొర మందమంతా చెడ్డ కణాలు నిండిన, క్యాన్సర్‌కు ముందు దశ. పాథాలజీ విభాగంలో కూర్చునేవాళ్ళకు ఆ వాక్యం రోజువారీ మాట. ఆ కాయితం చేతిలో పెట్టుకున్న ఇంటివాళ్ళకు మాత్రం నిద్ర పట్టనివ్వని మాట. ఆలూరు దగ్గరి పల్లె నుంచి తల్లిని తీసుకొచ్చిన ఒకమ్మాయి సూటిగా అడిగింది: "మేడం, మా యమ్మకు క్యాన్సరు ఉండాదా, లేదా? ఆ ఒక్క మాట చెప్పండి సాలు."

నిజాయితీగా చెప్పగలిగింది ఇంతే: "పైపొరలో చెడ్డ కణాలున్నాయమ్మా. అవి కిందికి దిగాయో లేదో చూడాలంటే ఇంకొంచెం పెద్ద ముక్క కావాల."

ఉంది, లేదు అనే రెండు మాటల మధ్య ఉన్న ఈ చోటును జన్యువుల ద్వారా చూడాలని పరిశోధకులు దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు. ఏ జన్యువు పని పెరిగితే, ఏది తగ్గితే కణం పొర దాటుతోందని చెప్పవచ్చు? "క్యాన్సర్‌ను ముందే పట్టే జన్యువు దొరికింది" అని వార్త వచ్చినప్పుడల్లా తెలిసినవాళ్ళు నాకు వాట్సాప్‌లో పంపుతుంటారు. ఆ వార్తల్లో చాలావరకు రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. కణం చెడిందా అన్నది ఒక ప్రశ్న. చెడిన కణం పొర దాటిందా అన్నది ఇంకొకటి. మొదటిదానికి మన దగ్గర మంచి జవాబులున్నాయి. రెండోదానికి ఉన్నవి ఇంకా సగం జవాబులే. ఈ తేడా తెలియకపోతే ఆ వార్తలే కాదు, ఇంట్లో బీరువాలో ఉన్న రిపోర్టు కూడా అర్థం కాదు.

మిల్లీమీటర్లలో తేలే విషయం

గర్భసంచి మూతికి, అంటే గర్భాశయ ముఖద్వారానికి, యోని వైపు చదునైన కణాలు ఒకదానిపై ఒకటి వరసలుగా పేర్చి ఉంటాయి. గర్భసంచిలోకి వెళ్ళే దారిలో పొడవాటి కణాలు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. ఈ రెండూ కలిసే సంధి దగ్గరే ఈ క్యాన్సర్లలో అత్యధికం మొదలవుతాయి. అక్కడ ప్రత్యేకమైన కణాల గుంపు ఒకటి ఉందనీ, కెరాటిన్-7, ఎంఎంపీ-7 లాంటి జన్యువులు ఆ కణాల్లో చురుగ్గా పనిచేస్తాయనీ 2012లో బోస్టన్ పరిశోధకులు చూపించారు. మూతిని కంటితో చూసే వీఐఏ పరీక్షలో డాక్టరమ్మ పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లబడిన మచ్చ కోసం వెతికేది ఈ సంధి చుట్టే.

పైపొర కణాలన్నీ ఒక పలచటి ఆధార పొర మీద కూర్చుని ఉంటాయి. టైప్-4 కొల్లాజెన్, లామినిన్ అనే ప్రొటీన్లు అల్లుకుని ఏర్పడ్డ పొర అది. మామూలు సూక్ష్మదర్శినిలో విడిగా కనబడనంత సన్నన. దాని కింద రక్తనాళాలు, శోషరస నాళాలు ఉన్న అడుగు కణజాలం ఉంటుంది. పైపొరలో నాళాలు లేవు. అందుకే చెడ్డ కణాలు ఆధార పొర పైన ఉన్నంతకాలం ఎంత వికారంగా పెరిగినా ఒంట్లో ఇంకోచోటికి పోలేవు. ఈ దశలనే సీఐఎన్ 1, 2, 3 అంటాం. మూడోదాంట్లో పైపొర మందమంతా చెడ్డ కణాలే. అయినా అది క్యాన్సర్ కాదు, దాని ముందు మెట్టు.

పొర దాటాక లెక్క మిల్లీమీటర్లలో నడుస్తుంది. 2018లో సవరించిన అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపించే చొరబాటు లోతు 3 మిల్లీమీటర్ల లోపుంటే ఐఏ1, 3 నుంచి 5 లోపైతే ఐఏ2, 5 దాటితే ఐబీ. ఐఏ1లో, నాళాల్లో క్యాన్సర్ కణాలు కనబడకపోతే, శోషరస గ్రంథులకు పాకే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. మూతి దగ్గర శంఖం ఆకారంలో ముక్క కోసి, అంచులు శుభ్రంగా వస్తే, పిల్లలు కావాలనుకునే ఆమెకు గర్భసంచి నిలుస్తుంది. ఇంకొంచెం లోతుకు పోతే గ్రంథులను కూడా చూడాలి, ఆపరేషన్ పెద్దదవుతుంది. ఇంకా ముదిరితే రేడియేషన్, కీమో. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో ఇంటి పరిస్థితే మారిపోతుంది.

మన సీమలో దీనికి ఇంకో ముడి ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి మూడు చిల్లరైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది. తెల్లబట్ట అవుతోందని, "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అని ఎవరో భయపెట్టారని ముప్పై అయిదేళ్ళకే తీయించుకున్నవాళ్ళు మా వార్డుల్లో కనబడుతూనే ఉంటారు. మూతి దగ్గరి కణాలను గీకి చూసే పాప్ పరీక్ష గానీ, ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష గానీ లేకుండా, మూతి వైపు సరిగా చూడకుండా గర్భసంచి తీసేస్తే రెండు రకాల నష్టం. ఏమీ లేని ఆమె అవయవం ఊరికే పోతుంది. అప్పటికే లోతుగా చొరబడిన క్యాన్సర్ ఉన్న ఆమెకు సరిపోని ఆపరేషన్ జరుగుతుంది, ఆ తర్వాత రేడియేషనో ఇంకో కోతో తప్పదు. తీసిన గర్భసంచిని ముక్క పరీక్షకే పంపని చోట్లూ ఉన్నాయి. అలాంటప్పుడు అసలు సంగతి ఏడాదో రెండేళ్ళో గడిచి, రక్తస్రావంతో మళ్ళీ వచ్చినప్పుడే బయటపడుతుంది. పొర దాటిందా అనే ప్రశ్న ఆపరేషన్‌కు ముందే అడగాల్సిన ప్రశ్న. ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదని నా నమ్మకం.

వైరస్ పెట్టే చిచ్చు

ఈ క్యాన్సర్లలో దాదాపు అన్నిటి వెనుకా ఉన్నది హెచ్‌పీవీ అనే వైరస్. జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని క్యాన్సర్ ముక్కల్లో నుంచి వేరుచేసింది. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. అలాగని వైరస్ సోకిన వాళ్ళందరికీ క్యాన్సర్ రాదు. పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి రెండేళ్ళలోపు ఒళ్ళే దాన్ని తరిమేస్తుంది. వదలకుండా ఏళ్ళ తరబడి పట్టుకున్నవాళ్ళకే ముప్పు.

పట్టుకున్న చోట వైరస్ తన రెండు జన్యువులతో పని నడుపుతుంది: ఈ6, ఈ7. కణంలో డీఎన్ఏ దెబ్బతింటే విభజనను ఆపే పీ53 అనే ప్రొటీన్‌ను ఈ6 నాశనం చేయిస్తుంది. విభజన ఎప్పుడు మొదలవ్వాలో కాపలా కాసే ఆర్‌బీ ప్రొటీన్‌ను ఈ7 పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. మామూలుగా వైరస్‌లోనే ఉన్న ఈ2 అనే జన్యువు ఈ రెండిటినీ అదుపులో ఉంచుతుంది. చాలా క్యాన్సర్లలో వైరస్ డీఎన్ఏ మన క్రోమోజోముల్లోకి చొచ్చుకుపోతుంది. ఆ క్రమంలో ఈ2 తెగిపోతే ఈ6, ఈ7లను అడ్డుకునే నాథుడుండడు.

ఇక్కడే జన్యు వ్యక్తీకరణ అనే మాట అక్కరకొస్తుంది. ఒంట్లో అన్ని కణాల్లోనూ దాదాపు 20,000 జన్యువులు ఒకటే. కంటి కణానికీ గర్భసంచి కణానికీ తేడా వాటిలో ఏవి పనిచేస్తున్నాయి, ఎంత జోరుగా పనిచేస్తున్నాయి అన్నదాంట్లో ఉంటుంది. పనిచేసే జన్యువు ఆర్ఎన్ఏ నకళ్ళు తీయిస్తుంది, వాటినుంచి ప్రొటీన్ తయారవుతుంది. నకళ్ళను లెక్కబెట్టవచ్చు, ప్రొటీన్‌ను స్లైడ్ మీద రంగు పుట్టించి చూడవచ్చు. కణం ఏ స్థితిలో ఉందో ఆ లెక్కే చెబుతుంది.

ఈ7 ఆర్‌బీని కట్టేయగానే కణంలో పీ16 అనే ప్రొటీన్ విపరీతంగా పోగుపడుతుంది. దాని అసలు పని విభజనను నిలువరించడం. కానీ అది నిలువరించేది ఆర్‌బీ ద్వారానే, ఆ ఆర్‌బీ ఇప్పుడు చేతికి లేదు. అందుకే పీ16 ఎంత ఉన్నా కణం ఆగదు. స్లైడ్ మీద పీ16 కోసం రంగు వేస్తే ఆ చోటంతా ముదురు గోధుమ రంగులో తేలుతుంది. కేఐ-67 అనే ఇంకో ప్రొటీన్ విభజనలో ఉన్న కణాల్లోనే కనబడుతుంది. ఒకే కణంలో రెండూ కలిసి కనబడితే అనుమానించాల్సిందే, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న కణంలో ఆగమనే సంకేతం, సాగమనే సంకేతం ఒకేసారి ఉండవు. ఈ జంట రంగు పరీక్షకు 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం ఇచ్చింది. హెచ్‌పీవీ ఉందని తేలిన ఆడవాళ్ళలో ఎవరిని కాల్పోస్కోపీకి (మూతిని పెద్దదిగా చేసి చూసే పరీక్షకు) పంపాలో తేల్చడానికి ఇది బాగా పనికొస్తుంది. ఎంసీఎం-2, టోపోఐసోమరేజ్-2ఏ కూడా ఇదే కోవలోవి. అన్నీ విభజన జోరును చూపేవే.

ఇవన్నీ మొదటి ప్రశ్నకు జవాబులు. రెండోదాన్ని ఇవి తాకవు. పొర దాటని సీఐఎన్ 3 పైనుంచి కిందిదాకా పీ16తో గోధుమ రంగులో ఉంటుంది. పొర దాటిన క్యాన్సరూ అదే రంగులో ఉంటుంది. మన పక్క చెరువులు చూసుకునే నీరటికాళ్ళకు ఈ చిక్కు చెప్పకుండానే తెలుస్తుంది. నీటిమట్టం ఎంతుందో చూసి కట్టకు బుంగ పడిందో లేదో చెప్పలేం. నిండు చెరువు కట్ట ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా నిలవవచ్చు, సగం నీళ్ళకే ఇంకో కట్ట తెగవచ్చు. కట్ట అవతలి వైపు దిగి మొదట్లో చెమ్మ తగులుతోందా అని చూడాలి. పీ16, కేఐ-67 నీటిమట్టం చెప్పే గుర్తులు. చెమ్మ చెప్పే గుర్తులు వేరే.

పొర తెగే చోట ఏం జరుగుతుంది

ఆ చోటును స్లైడ్ మీద చూడండి. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేసిన మామూలు స్లైడే. పైన సీఐఎన్ 3 కణాలు నీలంగా కిక్కిరిసి ఉంటాయి, కేంద్రకాలు పెద్దవి, వాటి చుట్టూ గులాబీ భాగం కొంచెమే. వాటి అడుగు గీత నున్నగా సాగిపోతూ ఒకచోట ఉన్నట్టుండి చెదురుతుంది. నాలుగైదు కణాలు చిన్న మొగ్గలా కిందికి తోసుకొస్తాయి. వింతేమిటంటే, ఆ మొగ్గలోని కణాలు పైనున్న వాటికంటే గులాబీగా, విశాలంగా, చూడటానికి బాగా ఎదిగిన మామూలు కణాల్లా ఉంటాయి. చెడ్డతనం తగ్గినట్టు కనబడే చోటే చొరబాటు మొదలైంది. దాని చుట్టూ అడుగు కణజాలం కాస్త వదులై, పాలిపోయి, తెల్లరక్తకణాలు గుమిగూడి ఉంటాయి. కొత్తగా చేరిన పీజీ విద్యార్థులకు ఈ మొగ్గను చూపించినప్పుడు మొదట పైనున్న నీలం గుంపువైపే చూస్తారు. గులాబీ మొగ్గమీద కన్ను నిలవడానికి చాలా స్లైడ్లు చూడాలి.

ఈ మొగ్గ కణాల్లో జోరందుకునే జన్యువుల్లో నాకు అన్నిటికంటే నమ్మకంగా అనిపించేది లామినిన్ గామా-2. ఆధార పొరను కట్టే లామినిన్-332లో ఇది ఒక పోగు. మామూలు కణం దీన్ని పొరలో అమర్చి వదిలేస్తుంది. చొరబడే కణంలో మాత్రం ఇది కణం లోపలే పోగుపడుతుంది, అంచు కణాల్లో ముదురు రంగుగా కనబడుతుంది. గర్భాశయ ముఖద్వారంలో చొరబాటుకు ఇది గుర్తు కాగలదని 1999లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అంతకుముందే పెద్దపేగు క్యాన్సర్‌లోనూ మొగ్గ తొడిగే అంచు కణాల్లో ఇదే కనబడింది. రెండు వేర్వేరు అవయవాల్లో, రెండు వేర్వేరు కారణాలతో వచ్చిన క్యాన్సర్లలో, అదీ పొర తెగే చోటే ఈ గుర్తు కనబడటం వల్లనే నాకు దీనిమీద అంత గురి.

రెండో కుటుంబం ఎంఎంపీలు. కణాల మధ్య ఉండే అల్లికను కోసే ఎంజైములివి. ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 టైప్-4 కొల్లాజెన్‌ను కోయగలవు, అంటే ఆధార పొర ముడిసరుకునే. చొరబాటులో ఇవి పెరుగుతాయని అధ్యయనం మీద అధ్యయనం చెప్పింది. కానీ ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. ఎంఎంపీ-2ను ఎక్కువగా తయారుచేసేది క్యాన్సర్ కణం కాదు, దాని పక్కనున్న, అడుగు కణజాలాన్ని అల్లే ఫైబ్రోబ్లాస్టు కణం. క్యాన్సర్ కణం దాన్ని తన ఒంటిమీదికి తెచ్చుకుని, ఎంఎంపీ-14 సాయంతో పదును పెడుతుంది. ఎంఎంపీ-9 చాలావరకు తెల్లరక్తకణాల నుంచి వస్తుంది. హెచ్‌పీవీ 16 జన్యువులు పెట్టిన ఎలుకల మీద ప్రయోగాల్లో, రోగనిరోధక కణాలు తెచ్చే ఎంఎంపీ-9 లేకపోతే చర్మ క్యాన్సర్లు రావడం తగ్గిందని 2000లో తేలింది. అంటే పొరను తెగ్గొట్టడంలో ఇరుగుపొరుగు చేయి కూడా ఉంది. క్యాన్సర్ కణాలను ఒక్కటే ఏరి చూస్తే ఈ సగం కనబడదు. మొత్తం ముక్కను రుబ్బి చూస్తే ఏ జన్యువు ఎవరిదో తెలియదు.

మూడోది కణాల మధ్య పట్టు. పైపొర కణాలను ఒకదానికొకటి అంటిపెట్టేది ఈ-క్యాడెరిన్. చొరబడే అంచున అది తగ్గి, కదిలే కణాల్లో ఉండే విమెంటిన్ లాంటివి తలెత్తుతాయి. పాఠ్యపుస్తకాల్లో ఇది కణం పూర్తిగా వేషం మార్చినట్టు రాసి ఉంటుంది. గర్భాశయ ముఖద్వారంలో చూస్తే కణాలు ఒంటరిగా పోవడం తక్కువ, గుంపుగా నాలుకల్లా దిగుతాయి. అంచునున్న ఒకటి రెండు వరసలే కొంతవరకు మారతాయి, వెనకున్నవి పైపొర కణాల్లాగే ఉంటాయి. సగటు తీస్తే ఆ మార్పు కలిసిపోయి కనబడకుండా పోతుంది.

ఇంకొకటి జన్యువుల సంఖ్యకే సంబంధించింది. మూడో క్రోమోజోము పొడవు చేయి అదనపు ప్రతులు రావడం, పొర దాటని తీవ్ర దశ నుంచి చొరబాటుకు మారే చోట ప్రస్ఫుటంగా కనబడుతుందని 1996లో ఒక పరిశోధక బృందం చూపింది. క్రోమోజోముల చివరలు అరగకుండా చూసే టెలోమెరేజ్ ఎంజైముకు కావలసిన టెర్క్ జన్యువు ఆ చేతిమీదే ఉంది. అయితే ఈ మార్పు కొన్ని సీఐఎన్ 3 ముక్కల్లోనూ ఉంటుంది. కాబట్టి అది దాటిందని చెప్పదు, దాటే సత్తువ వచ్చిందని చెబుతుంది.

జాబితాలు ఎందుకు కుదరవు

ఒక అధ్యయనం యాభై జన్యువుల జాబితా ఇస్తుంది, ఇంకొకటి ఇంకో యాభై ఇస్తుంది, రెండిటిలోనూ ఉన్నవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. బయటివాళ్ళకు ఇది పరిశోధకుల అసమర్థతలా కనబడుతుంది. నా దృష్టిలో అసలు కారణం ముక్క పరిమాణం.

తొలి చొరబాటు అంటే ఒకటి రెండు మిల్లీమీటర్ల పుండు. కంటికి కనబడదు. ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనపు బ్లాకులో పోసి, పలచగా కోసి చూశాకే అది ఉందని తెలుస్తుంది. అప్పటికి ఆర్ఎన్ఏ చాలావరకు తునకలైపోయి ఉంటుంది. మంచి ఆర్ఎన్ఏ కావాలంటే ముక్క కోసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లోనో తగిన ద్రావణంలోనో పెట్టాలి. కానీ ఏ ముక్కలో చొరబాటు ఉందో అప్పటికి ఎవరికీ తెలియదు. పైగా ఆమెకు సరైన వైద్యం అందాలంటే ఆ ముక్క మొత్తాన్నీ సూక్ష్మదర్శిని కింద చూసి తీరాలి, సగం పరిశోధనకు ఇవ్వడం తప్పు. మే నెలలో మా కర్నూలులో ఎండ నలభై దాటుతుంది. తాలూకా ఆసుపత్రి నుంచి బస్సులో వచ్చే డబ్బాలో చాలినంత ఫార్మలిన్ లేకపోతే ఆర్ఎన్ఏ సంగతి దేవుడెరుగు, కణాల ఆకారమే పాడవుతుంది.

అందువల్ల పరిశోధనలు ఎక్కువగా దొరికేదానితోనే జరిగాయి: ఒక పక్క ఆరోగ్యమైన కణజాలం, ఇంకో పక్క సెంటీమీటర్ల కొద్దీ పెరిగిన కణితి. 2017లో వచ్చిన అమెరికా క్యాన్సర్ జన్యు పటం అధ్యయనం 228 గర్భాశయ ముఖద్వార కణితులను కూలంకషంగా శోధించింది. పీఐకే3సీఏ లాంటి జన్యువుల్లో మార్పులనూ, కెరాటిన్ జన్యువుల పనిని బట్టి ఉపరకాలనూ బయటపెట్టింది. గొప్ప పని. కానీ అవన్నీ అప్పటికే చొరబడిన కణితులు. తొలి అడుగు గురించి ఆ పటం నేరుగా ఏమీ చెప్పదు. ఆరోగ్యమైనదాన్నీ ముదిరినదాన్నీ పోలిస్తే కనబడే వేల తేడాల్లో వైరస్ తెచ్చినవి, విభజన తెచ్చినవి, వాపు తెచ్చినవి, చొరబాటు తెచ్చినవి అన్నీ కలగాపులగంగా ఉంటాయి. పోల్చాల్సింది సీఐఎన్ 3ను, దాని పక్కనే ఉన్న ఒక మిల్లీమీటరు మొగ్గను. ఆ పోలిక చేసినవి తక్కువ, చేసినా పదో ఇరవయ్యో ముక్కలతో.

లెక్కల చిక్కు ఒకటుంది. 20,000 జన్యువులను ఒకేసారి చూస్తూ, యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 5 శాతం లోపుంటే నిజమని ఒప్పుకుంటే, అసలు తేడానే లేకపోయినా వెయ్యి జన్యువులు తేడా ఉన్నట్టు తేలతాయి. దీన్ని సరిదిద్దే గణిత పద్ధతులున్నాయి, మంచి పత్రికలు అడుగుతాయి కూడా. పది ముక్కలతో ఆ కట్టుదిట్టం పాటిస్తే నిజమైన తేడాలు కూడా జారిపోతాయి. వదులు చేస్తే గాలివాటం జన్యువులు జాబితాలోకొస్తాయి. వార్తాపత్రిక దాకా వచ్చేసరికి ఈ మధ్యలోని మాటలన్నీ రాలిపోయి, "జన్యువు దొరికింది" ఒక్కటే మిగులుతుంది.

దారి మాత్రం మూసుకుపోలేదు. లేజర్‌తో అంచు కణాలను మాత్రమే కోసి తీసే పద్ధతి వచ్చి చాలాకాలమైంది. ఇప్పుడు స్లైడ్ మీద ఏ జన్యువు ఎక్కడ పనిచేస్తోందో, ఆ చోటు చెదరకుండానే చదివే సాంకేతికతలు వచ్చాయి, అవి పాత మైనపు బ్లాకుల మీదా పనిచేస్తున్నాయి. చొరబాటు విషయంలో అసలైన ముందడుగు దీనివల్లే వస్తుందని నేననుకుంటున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్నలో ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నదే ముఖ్యం.

ముందే ఊహించగలమా

పొర దాటిందా అనే ప్రశ్నకు పక్కనే ఇంకోటి ఉంది: దాటబోతోందా? న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఒకప్పుడు సీఐఎన్ 3 ఉన్న ఆడవాళ్ళకు, వాళ్ళకు తెలియకుండానే, సరైన చికిత్స చేయకుండా చూస్తూ ఊరుకున్నారు. 1988లో విచారణ నివేదిక దాన్ని బయటపెట్టి తప్పుపట్టింది. ఆ రికార్డులను తర్వాత విశ్లేషించి 2008లో ప్రచురించిన లెక్క ప్రకారం, అలా వదిలేసినవాళ్ళలో ముప్పై ఏళ్ళలో దాదాపు 30 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. ఆ ఆడవాళ్ళు పడ్డ బాధకు బదులుగా లోకానికి తెలిసిన సంగతి ఇది. ఎప్పటికీ మళ్ళీ చేయకూడని ప్రయోగం కూడా ఇదే.

మిగతా 70 శాతం ఎవరో ముందే తెలిస్తే ఎంతో మందికి కోత తప్పుతుంది. ఇక్కడ జన్యువులను మూసివేసే మిథైల్ ముద్రలు ఆశ చూపిస్తున్నాయి. ఎఫ్ఏఎం19ఏ4, ఎంఐఆర్124-2 జన్యువుల మీద ఈ ముద్రలు దాదాపు అన్ని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో కనబడ్డాయి. సీఐఎన్ 2, 3 ఉండి ఈ ముద్రలు లేనివాళ్ళలో మచ్చ తనంతట తాను తగ్గే అవకాశం ఎక్కువని నెదర్లాండ్స్ పరిశోధనలు చెబుతున్నాయి. మిథైల్ ముద్ర డీఎన్ఏ మీద ఉంటుంది, డీఎన్ఏ ఆర్ఎన్ఏలా త్వరగా చెడిపోదు. మన ఎండల్లో, మన బస్సుల్లో తట్టుకునే పరీక్ష ఏదైనా వస్తే ఇలాంటి దాన్నుంచే రావచ్చు.

ఈలోగా చేతిలో ఉన్నది

2022 ప్రపంచ అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ కోసం ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా పల్లెల్లో లక్షకు పైగా ఆడవాళ్ళ మీద జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. జీవితంలో ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైనవాళ్ళకు చికిత్స ఇస్తే, ఎనిమిదేళ్ళలో ఈ క్యాన్సర్ మరణాలు సగానికి తగ్గాయి. మన సీమ పల్లెలకు ఉస్మానాబాద్ పల్లెలకు పెద్ద తేడా లేదు: అదే మెట్ట, అదే వలసలు, ఆసుపత్రి అంటే అదే దూరం. ముప్పై దాటిన ప్రతి ఆమెకూ ఈ పరీక్ష అందడం, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా అందడం కొత్త జన్యువు దొరికేదాకా ఆగాల్సిన పనులు కావు.

మరి రిపోర్టు చేతికొచ్చినవాళ్ళ సంగతి. చిన్న ముక్కలో సీఐఎన్ 3 అని వచ్చి, చొరబాటు తేలలేదంటే, తర్వాతి మెట్టు లీప్ (కరెంటు తీగతో కోసేది) లేదా కోన్ (శంఖం ఆకారంలో కోసేది) ముక్క. నేరుగా గర్భసంచి తీసేద్దామంటే "ముందు కోన్ చేయరా సార్" అని అడగడంలో తప్పులేదు. కోన్ రిపోర్టులో మూడు సంగతులు చూడండి: చొరబాటు లోతు మిల్లీమీటర్లలో ఎంత, కోసిన అంచుల్లో చెడ్డ కణాలున్నాయా, నాళాల్లో క్యాన్సర్ కణాలు కనబడ్డాయా. వీటిలో ఏది రాయకపోయినా రాయమని అడగండి. పీ16 పాజిటివ్ అని ఉంటే దాన్ని చూసి క్యాన్సర్ వచ్చేసిందని బెంబేలు పడొద్దు. వైరస్ తన పని మొదలుపెట్టిందని మాత్రమే దానర్థం.

కర్నూలు వాళ్ళు హైదరాబాదుకు, అనంతపురం వాళ్ళు బెంగళూరుకు, కడప వాళ్ళు తిరుపతికో వేలూరుకో పోతుంటారు. పోయేటప్పుడు రిపోర్టు కాయితం, స్కానింగ్ ఫిల్ములు తీసుకెళ్తారు, ముక్క పరీక్ష చేసిన చోట ఉండే మైనపు బ్లాకును అడగరు. అది మీది, అడిగితే ఇస్తారు. అక్కడి పాథాలజిస్టు ఆ బ్లాకునుంచే కొత్తగా కోసి, కావలసిన రంగులు వేసి, లోతు మళ్ళీ కొలుస్తారు. మళ్ళీ ముక్క కోయించుకునే బాధ చాలాసార్లు తప్పుతుంది. బ్లాకు మీద రాసిన నంబరూ రిపోర్టు మీది నంబరూ ఒకటేనా అని చూసుకుని, ఎండ తగలకుండా ఒక చిన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి.